వైరస్ కనబడటం లేదు... మరి సీడీ4 కౌంట్ ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న: నా వయసు 47. 2018లో టీబీతో ఆసుపత్రిలో చేరినప్పుడు హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. అప్పుడు సీడీ4 కౌంట్ (రక్తంలో సీడీ4 అనే రోగనిరోధక కణాల లెక్క) 58. అప్పటి నుంచీ ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్ మందులే వాడుతున్నాను, ఒక్క పూట కూడా తప్పలేదు. ఇప్పుడు రాత్రి భోజనం అయ్యాక టీఎల్‌డీ మాత్ర వేసుకుంటున్నాను. నాలుగేళ్లుగా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అనే వస్తోంది. కౌంట్ మాత్రం 171, 246, 288 అంటూ నత్తనడక నడిచి, పోయిన నెల 232కి పడిపోయింది. నాతోపాటే మొదలుపెట్టిన వాళ్లకి 600, 700 ఉంది. నాకు మందు పనిచేయడం లేదా? సెకండ్ లైన్‌కి, అంటే మొదటి మందులు పనిచేయకపోతే ఇచ్చేవాటికి, మార్చమని అడగాలా? ‘రోగనిరోధక కణాల మధ్య సిగ్నళ్లు దెబ్బతినడం వల్ల ఇలా అవుతుంది’ అని ఫోన్లో చదివాను, అర్థం కాలేదు. ఆ సిగ్నళ్లు బాగుచేసే ఇంజెక్షన్ ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు తిప్పతీగ పొడి, ఇమ్యూనిటీ క్యాప్సూళ్లు వాడమంటున్నారు. గ్యాస్ ఎక్కువ, భోజనం కాగానే సిరప్ తాగుతాను. సెప్ట్రాన్ మాత్ర రెండేళ్ల కిందట నేనే మానేశాను. బీడీలు రోజుకి పది దాకా తాగుతాను.
— ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీ మందు పనిచేస్తోంది. ముందు ఆ భయం వదిలేయండి. టీఎల్‌డీలో ఉన్నవి టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. ఈ మూడూ చేసే పని ఒక్కటే: వైరస్ కొత్త నకళ్లు తయారుచేసుకోకుండా ఆపడం. ఆ పని అవుతోందా లేదా అని చెప్పేది వైరల్ లోడ్ పరీక్ష, సీడీ4 కౌంట్ కాదు. నాలుగేళ్లుగా వైరస్ కనబడటం లేదంటే మాత్ర తన పని నూటికి నూరు పాళ్లూ చేస్తోంది. మంట ఆర్పడం ఒక పని, కాలిన ఇల్లు మళ్లీ కట్టుకోవడం ఇంకో పని. రెండోది మీ ఒంటి పని, అది ఎక్కడో ఆగింది.

ఇలా వైరస్ అదుపులో ఉండి కూడా కౌంట్ పుంజుకోని వాళ్లు తక్కువేం కాదు. ఏ సంఖ్యను గీతగా పెట్టుకుంటామన్నదాన్ని బట్టి మందులు వాడే ప్రతి పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా తేలతారు. ఆలస్యంగా, అంటే కౌంట్ 200 కంటే బాగా పడిపోయాక మందు మొదలుపెట్టిన వాళ్లలో, నలభై దాటిన వాళ్లలో, మగవాళ్లలో ఇది ఎక్కువ. మీరు ఈ మూడింటిలోనూ ఉన్నారు. మీతోపాటు మొదలుపెట్టి 700కి చేరిన వాళ్లు ఏ అంకె దగ్గర మొదలుపెట్టారో ఒకసారి అడిగి చూడండి. చాలావరకు 300కో 400కో మొదలుపెట్టి ఉంటారు.

288 నుంచి 232కి పడటం గురించి. అది 19 శాతం తేడా. సీడీ4 కౌంట్ అసలు స్వభావమే ఊగడం. ఒకే మనిషిలో, ఏ జబ్బూ లేకుండానే 20, 30 శాతం అటూ ఇటూ అవుతుంది. పొద్దున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. జలుబు చేసినా, కొత్తగా టీకా వేయించుకున్నా, కీళ్ల నొప్పులకని స్టెరాయిడ్ మాత్రలు మింగినా తగ్గుతుంది. ఎందుకో లెక్క వేసి చూడండి. ఒక మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు 6,000, అందులో లింఫోసైట్లు 30 శాతం అనుకుందాం. 1,800 లింఫోసైట్లు. వాటిలో సీడీ4 కణాలు 16 శాతమైతే కౌంట్ 288. అదే మనిషికి చిన్న జ్వరం వచ్చి లింఫోసైట్లు 25 శాతానికి దిగాయి. 1,500లో 16 శాతం, 240. సీడీ4 కణాల వాటా ఆ 16 శాతం దగ్గరే ఉంది, రక్తంలో లింఫోసైట్లు కాసేపు తగ్గాయంతే. కొన్ని మిషన్లు కణాలను నేరుగా లెక్కపెడతాయి, అయినా ఈ ఊగిసలాట తప్పదు. అందుకే రిపోర్టులో సీడీ4 శాతం ఇస్తే కౌంట్ కంటే ముందు దాన్ని చూడండి, అంత తేలిగ్గా కదలదది. ఆ శాతం నిలకడగా ఉంటే మీ 232 కొత్త పతనం కాదు.

ఇక మీరు చదివిన సిగ్నళ్ల సంగతి. ఆ మాట నిజమే. దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి. ఇది తెలిస్తే ఏ సీసా కొనాలో, ఏది కొనకూడదో మీకే తెలిసిపోతుంది.

రోగనిరోధక కణాలకి మెదడు లాంటి పెత్తందారు లేదు. అన్ని పనులూ కబుర్ల మీదే నడుస్తాయి. ఒక కణం సైటోకైన్ అనే చిన్న ప్రోటీన్‌ను వదులుతుంది, ఇంకో కణం పైపొర మీద దానికోసమే ఉన్న గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టుకున్న సంగతి లోపల ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కి చేతులు మారుతూ కేంద్రకం దాకా వెళ్లి ఏ జన్యువు పనిచేయాలో చెబుతుంది. హెచ్‌ఐవీ లోపలికి దూరే దారి కూడా ఇలాంటి కబురు అందుకునే తలుపే. ముందు సీడీ4 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది, తర్వాత సీసీఆర్5 అనే ఇంకోదాన్ని. సీసీఆర్5 అసలు పని ‘ఫలానా చోట గాయమైంది, ఇటు రా’ అన్న పిలుపు వినడం.

లోపలికి దూరిన వైరస్సే సీడీ4 కణాలన్నిటినీ చంపుతుందని చాలామంది అనుకుంటారు. లింఫ్ గ్రంథుల్లో చచ్చే సీడీ4 కణాల్లో అత్యధిక భాగం వైరస్‌ను ఉత్పత్తి చేసేవి కావు. వైరస్ లోపలికి వచ్చింది గానీ నకలు పూర్తిచేయలేక మధ్యలో ఆగిపోయింది. ఆ తెగిన డీఎన్‌ఏ ముక్కలను కణంలోని ఐఎఫ్‌ఐ16 అనే కాపలా ప్రోటీన్ పసిగట్టి, కాస్పేజ్-1 అనే ఎంజైమును లేపుతుంది. కణం ఉబ్బి పగిలిపోతుంది. పగిలేటప్పుడు ఐఎల్-1 బీటా అనే మంట (ఇన్‌ఫ్లమేషన్) కబురును బయటికి చిమ్ముతుంది. ఆ కబురు విని కొత్త సీడీ4 కణాలు పరుగెత్తుకొస్తాయి, వాటిలోకీ వైరస్ దూరుతుంది, అవీ పగులుతాయి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థ పరిశోధకులు 2014 నాటికి ఈ గొలుసును విడమర్చి చూపించారు. మీ టీఎల్‌డీ ఈ గొలుసును మొదట్లోనే తెంపేసింది. కానీ 58కి పడిపోయేదాకా అది ఏళ్ల తరబడి నడిచింది కదా, దాని మచ్చలు మిగిలాయి. ఆ మచ్చలు ముఖ్యంగా రెండు చోట్ల ఉంటాయి.

ఒకటి లింఫ్ గ్రంథి. కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జలో బిళ్ల కడుతుందే, అదే. దాని లోపల సన్నని నారలాంటి కణాలు పందిరిలా అల్లుకుని ఉంటాయి. టీ కణాలు (సీడీ4 కణాలు వీటిలో ఒక రకం) దొండతీగలా ఆ పందిరి పట్టుకుని పాకుతూ తిరుగుతాయి. అలా తిరిగేటప్పుడే పందిరి కణాలు వాటికి ఐఎల్-7 అనే కబురు అందిస్తాయి. ఐఎల్-7 అంటే ఒక్క ముక్కలో ‘బతికి ఉండు’ అన్న ఉత్తర్వు. టీ కణం మీద ఉన్న ఐఎల్-7 గ్రాహకం దాన్ని అందుకోగానే లోపల జాక్1, జాక్3 అనే ఎంజైములు మేలుకుంటాయి. అవి స్టాట్5 అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ ముద్ర వేస్తాయి. ముద్ర పడిన స్టాట్5 బంట్రోతులా ఉత్తరం పట్టుకుని కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ బీసీఎల్-2 అనే ప్రోటీన్ తయారీ మొదలవుతుంది. అది ఉన్నంతకాలం కణం తనను తాను చంపుకోదు. ఉత్తరం రావడం ఆగితే కొద్ది రోజుల్లో ఆ కణం రాలిపోతుంది.

వైరస్ విజృంభించిన ఏళ్లలో ఈ గ్రంథుల్లో మంట రగులుతూనే ఉంటుంది. మంటను చల్లార్చడానికి ఒళ్లు టీజీఎఫ్-బీటా అనే కబురు పంపుతుంది. ఆ కబురు మంచిదే, కానీ దానికో పక్క గుణం ఉంది: మచ్చ కట్టే కణాలను లేపుతుంది. అవి కొల్లాజెన్ పోగులు పోస్తాయి. పుండు మానిన చోట తోలు గట్టిపడినట్టు గ్రంథి లోపల గట్టిపడుతుంది. పందిరి పోగుల మీద మచ్చ పరుచుకుంటే టీ కణానికి ఐఎల్-7 అందదు. ఇంకో చిక్కు, పందిరి కణాలు బతకాలన్నా టీ కణాల నుంచి లింఫోటాక్సిన్-బీటా అనే తిరుగు కబురు రావాలి. టీ కణాలు తగ్గితే పందిరి కూలుతుంది, పందిరి కూలితే మిగిలిన టీ కణాలు ఎండుతాయి. మీ కౌంట్ 250 ప్రాంతంలో ఆగిపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. ఇలాంటి వాళ్ల రక్తం పరీక్షిస్తే ఐఎల్-7 తక్కువగా కాదు, తరచు ఎక్కువగానే కనబడుతుంది. కానీ టీ కణాల మీద దాని గ్రాహకాలు తగ్గి ఉంటాయి, లోపల స్టాట్5 మందకొడిగా కదులుతుంది. ఉత్తరాలు గుట్టపడి ఉన్నా తీసుకునే చెయ్యి లేదన్నమాట.

దీనికి తోడు కొత్త టీ కణాలు పుట్టే థైమస్ గ్రంథి ఛాతీ ఎముక వెనక ఉంటుంది. వయసుతో అది కొవ్వుగా మారిపోతుంది. నలభై ఏడులో అది ఇచ్చే నారు, పదిహేడేళ్ల కుర్రవాడిలో ఇచ్చే నారులో కొద్ది వంతే.

మచ్చ మిగిలిన రెండో చోటు పేగు. మన ఒంట్లోని సీడీ4 కణాల్లో పెద్ద భాగం పేగు గోడలో కాపురం ఉంటుంది. హెచ్‌ఐవీ సోకిన మొదటి కొన్ని వారాల్లోనే అక్కడ ఊచకోత జరుగుతుంది. టీహెచ్17 అనే రకం ఎక్కువగా పోతుంది. పేగు లోపలి పొర కణాలను దగ్గరగా కట్టి ఉంచమని ఐఎల్-17, ఐఎల్-22 కబుర్లు పంపేది ఆ రకమే. అవి పోతే కట్టు వదులవుతుంది, పేగులోని బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి ఊరతాయి. ముఖ్యంగా ఎల్‌పీఎస్ అనే పైతొక్క పదార్థం. మోనోసైట్లు అనే తెల్లకణాలు సీడీ14, టీఎల్‌ఆర్4 అనే గ్రాహకాలతో దాన్ని పట్టుకుని ‘బ్యాక్టీరియా వచ్చింది’ అని గగ్గోలు పెడతాయి. ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ కబుర్లు ఒళ్లంతా పాకుతాయి. ఐఎల్-6 విని కాలేయం మంటకి గుర్తు అయిన సీఆర్‌పీ ప్రోటీన్‌ను, రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లను ఎక్కువగా చేస్తుంది. మందులు వాడాక ఇది బాగా తగ్గుతుంది గానీ ఆలస్యంగా మొదలుపెట్టిన వాళ్లలో పూర్తిగా పోదు. ఈ కబుర్లు అంత హానికరమని తేల్చినది ‘స్మార్ట్’ అధ్యయనం. 2006లో ఫలితాలు వచ్చిన ఆ అధ్యయనంలో 5,472 మంది ఉన్నారు. కౌంట్ 350 దాటాక మందు ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టిన వర్గంలో మరణాలు పెరిగాయి. ఎయిడ్స్ జబ్బులతో పాటు గుండె, మూత్రపిండాలు, కాలేయం జబ్బులు కూడా. తర్వాత నిల్వ ఉంచిన రక్తం తీసి చూస్తే ఐఎల్-6, డీ-డైమర్ (రక్తం గడ్డకడుతోందనడానికి గుర్తు) ఎక్కువ ఉన్న వాళ్లే ఎక్కువగా చనిపోయారని తెలిసింది.

ఇంకో కబురు ఇంటర్‌ఫెరాన్. వైరస్ వచ్చిన తొలిరోజుల్లో అది మోగించే సైరన్ చాలా అవసరం. రోజులు నెలలు ఏళ్లు మోగుతూనే ఉంటే మాత్రం కణాలు అలిసిపోతాయి, కొత్తవి పుట్టడం మందగిస్తుంది. ఆఫ్రికాలోని సూటీ మాంగబే కోతులు దీనికి చక్కని సాక్ష్యం. వాటికి హెచ్‌ఐవీ లాంటి ఎస్‌ఐవీ ఉంటుంది, రక్తంలో వైరస్ కుప్పలుగా తిరుగుతుంది, అయినా వాటికి ఎయిడ్స్ రావడం అరుదు. సోకిన కొద్ది వారాలకే వాటి ఒళ్లు ఇంటర్‌ఫెరాన్ సైరన్‌ను ఆపేస్తుంది. ఆసియా మకాక్ కోతులకి అదే వైరస్ సోకితే సైరన్ ఆగదు, అవి జబ్బుపడతాయి. వైరస్ ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఒళ్లు దానికి ఎంతసేపు కేకలు వేస్తుందన్నది కూడా లెక్కేనని ఇక్కడ తెలుస్తుంది.

మరి ఆ కబుర్లను బాగుచేసే ఇంజెక్షన్? ప్రయత్నించారు. అందులో ఒక ప్రయత్నం కథ మీరు తప్పక తెలుసుకోవాలి. ఐఎల్-2 అనేది టీ కణాలను ‘విభజించుకో, పెరుగు’ అని చెప్పే కబురు. దాన్నే ఇంజెక్షన్‌గా చేసి, మందులతోపాటు ఇస్తే కౌంట్ పెరుగుతుందా అని రెండు పెద్ద అధ్యయనాలు జరిగాయి. ‘ఎస్ప్రిట్’లో 4,111 మంది, ‘సిల్కాట్’లో 1,695 మంది. సిల్కాట్‌లో ఉన్నవాళ్లు కౌంట్ తక్కువగా ఉన్నవాళ్లే, మీలాంటి వాళ్లు. 2009లో ఫలితాలు వచ్చాయి. కౌంట్ నిజంగానే పెరిగింది, ఇంజెక్షన్ తీసుకోని వాళ్లకంటే ఎస్ప్రిట్‌లో సగటున 159, సిల్కాట్‌లో 53 ఎక్కువ. కానీ ఏళ్ల తరబడి చూసినా ఎయిడ్స్ జబ్బులు తగ్గలేదు, మరణాలు తగ్గలేదు. ఎస్ప్రిట్‌లో తీవ్రమైన దుష్ప్రభావాలు పైపెచ్చు ఎక్కువయ్యాయి. కణాలను లెక్కకి పెంచగలిగారు, కాపలా పెరగలేదు. ఐఎల్-7 ఇంజెక్షన్ కూడా చిన్న అధ్యయనాల్లో కౌంట్ పెంచింది, జబ్బులు తగ్గుతాయని మాత్రం నిరూపణ కాలేదు. వైద్యంలో వాడకానికి రాలేదు. ఎవరైనా మీకు ‘సీడీ4 పెంచే ఇంజెక్షన్’ అని ఏదైనా అంటగట్టబోతే ఈ 2009 ఫలితం గుర్తుపెట్టుకోండి. పెరిగిన అంకెను చూపించడం తేలిక, అది మిమ్మల్ని కాపాడిందని చూపించడం వేరే సంగతి.

సెకండ్ లైన్ అడగొద్దని చెప్పడానికి కూడా ఇదే కారణం. వైరస్ ఇప్పటికే అదుపులో ఉన్న వాళ్లకి అదనంగా రాల్టెగ్రావిర్, మారావిరోక్ లాంటి మందులు చేర్చి చూశారు, పనికొచ్చే లాభం కనబడలేదు. మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో మందు మార్చేది వైరల్ లోడ్ 1,000 దాటినప్పుడు. అప్పుడు కూడా మాత్రలు సరిగా వేసుకునేలా కౌన్సెలింగ్ ఇచ్చి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించి, అప్పటికీ 1,000 పైన ఉంటేనే. సెకండ్ లైన్‌లో సాధారణంగా రిటోనావిర్ ఉంటుంది. అది కొలెస్ట్రాల్ మాత్రలతో, ఆయాసం పంపుల్లోని స్టెరాయిడ్లతో గొడవ పడుతుంది. మీకు లేని కష్టాన్ని కొనితెచ్చుకున్నట్టే.

కౌంట్ పెరగకపోవడానికి సిగ్నళ్లు కాకుండా వేరే కారణం దాగి ఉందేమో ఒక్కసారి మాత్రం వెతకాలి. ఏఆర్‌టీ సెంటర్ డాక్టరు గారిని ఈ నాలుగు అడగండి: సీబీసీ పూర్తిగా, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ పరీక్షలు చేశారా, టీబీ మళ్లీ ఉందేమో చూశారా. ప్లేట్‌లెట్లు కూడా తక్కువగా ఉంటే కడుపు స్కానింగ్ అవసరం కావచ్చు. కాలేయం గట్టిపడి ప్లీహం పెరిగితే అది తెల్లకణాలనూ ప్లేట్‌లెట్లనూ పట్టి ఉంచేస్తుంది, కౌంట్ తక్కువ, శాతం మాత్రం బాగానే వస్తుంది. సారా తాగే అలవాటు ఉంటే ఇది మరీ ముఖ్యం. జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు వాడే వాళ్లలో ఎముక మజ్జ మందగించి కూడా తగ్గుతుంది, మీరు అది వాడటం లేదు.

ఇప్పుడు మీరు చేస్తున్న వాటిలో సరిదిద్దాల్సినవి. కౌంట్ కంటే ఇవే ముఖ్యం.

సెప్ట్రాన్ మీ అంతట మీరు మానేయడం తప్పు. అది కోట్రైమోక్సజోల్. న్యుమోసిస్టిస్ అనే న్యుమోనియాను, టాక్సోప్లాస్మా అనే మెదడు ఇన్ఫెక్షన్‌ను రానివ్వకుండా చూస్తుంది. మన జాతీయ కార్యక్రమం నియమం ప్రకారం కౌంట్ 350 కంటే తక్కువ ఉన్న వాళ్లు రోజుకి ఒక డబుల్ స్ట్రెంగ్త్ మాత్ర (160 మి.గ్రా. ట్రైమెథోప్రిమ్, 800 మి.గ్రా. సల్ఫామెథాక్సజోల్) వేసుకోవాలి. ఆపాలంటే ఆరు నెలల తేడాతో రెండుసార్లు 350 పైన, పెరుగుతూ రావాలి. మీరు ఆ గీత ఎప్పుడూ దాటలేదు. దద్దురు, దురద వచ్చి ఆపేశారా? అయితే అలాగే చెప్పండి, వేరే మందు ఉంది. ఊరికే పెద్ద మాత్ర మింగలేక మానేస్తే రెండు ముక్కలు చేసుకుని మింగొచ్చు. మళ్లీ మొదలుపెట్టే ముందు రేపే సెంటర్‌లో అడగండి, ముఖ్యంగా సల్ఫా పడని వాళ్లయితే.

గ్యాస్ సిరప్‌లో ఉండేది అల్యూమినియం, మెగ్నీషియం. డోలుటెగ్రావిర్ ఆ లోహాలను కడుపులోనే గట్టిగా పట్టుకుని, రక్తంలోకి వెళ్లకుండా మలంలో పోతుంది. మీరు టీఎల్‌డీ వేసుకునేది రాత్రి భోజనం తర్వాత, సిరప్ తాగేది కూడా భోజనం కాగానే. ఇదే మీ ఉత్తరంలో నిజంగా కంగారుపెట్టిన సంగతి. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాతే సిరప్ తాగాలి. ముందే సిరప్ తాగేస్తే ఆరు గంటలు ఆగి టీఎల్‌డీ వేసుకోవాలి. తేలిక దారి ఏమిటంటే టీఎల్‌డీని పొద్దున్నే పళ్లు తోముకున్నాక వేసేసుకోండి, రాత్రి సిరప్‌తో గొడవే ఉండదు. మార్చుకునే రోజు ఎలా వేసుకోవాలో ఫార్మసీ కౌంటర్‌లో అడిగి చేయండి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ మాత్రలతో డోలుటెగ్రావిర్‌కి గొడవ లేదు. ఐరన్, కాల్షియం మాత్రలు మాత్రం ఇదే నియమం కింద వస్తాయి. టీఎల్‌డీ, ఐరన్ లేదా కాల్షియం రెండూ ఒకేసారి అన్నంతో కలిపి వేసుకుంటే ఫరవాలేదు, ఖాళీ కడుపున కలిపి వేసుకోకూడదు. షుగర్ ఉండి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే రోజుకి 1,000 మి.గ్రా. దాటకుండా డాక్టరు చూస్తారు. డోలుటెగ్రావిర్ మెట్‌ఫార్మిన్‌ను రక్తంలో పెంచుతుంది.

తిప్పతీగ వద్దు. దానితో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021 నుంచి మన దేశపు వైద్యులే ప్రచురిస్తున్నారు. ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అన్న మాటను ఇందాక చెప్పిన దానితో కలిపి చూడండి. మీ ఒంట్లో మంట కబుర్లు తక్కువై ఇబ్బంది లేదు, ఎక్కువై ఇబ్బంది. ఆగని సైరన్‌ను ఇంకా గట్టిగా మోగించే మందు మనకెందుకు? ఇమ్యూనిటీ క్యాప్సూళ్లలో జింక్, ఐరన్, కాల్షియం ఉంటే అవీ డోలుటెగ్రావిర్‌కి అడ్డమే. లోహ భస్మాలు కూడా అంతే. ఆ డబ్బుతో రోజూ రెండు గుడ్లు, పప్పు, పెరుగు తినండి.

బీడీ గురించి ముఖం మీదే చెప్పాలి. డెన్మార్క్‌లో హెచ్‌ఐవీకి సరైన చికిత్స అందుతున్న వాళ్ల మీద 2013లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 35 ఏళ్ల వ్యక్తికి పొగ తాగడం వల్ల పోయే ఆయుష్షు సుమారు 12 ఏళ్లు, హెచ్‌ఐవీ వల్ల పోయేది సుమారు 5. ఐఎల్-6, సీఆర్‌పీ ఇప్పటికే మీ రక్తనాళాలను గీకుతున్నాయి, బీడీ పొగ అదే చోట అదే పని చేస్తుంది. ఐఎల్-2 ఇంజెక్షన్ చేయలేనిది, మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే. ఒక్కసారే ఆపలేకపోతే జిల్లా ఆసుపత్రిలో పొగాకు మాన్పించే కౌన్సెలింగ్ ఉందేమో అడగండి, నికోటిన్ గమ్ వాడకం చెబుతారు.

గుండె కోసం ఇంకో సంగతి. ‘రిప్రీవ్’ అధ్యయనంలో 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 7,769 మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి రోజూ పిటావాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు) 4 మి.గ్రా. లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. మన దేశం వాళ్లూ ఉన్నారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి స్టాటిన్ వర్గంలో 35 శాతం తగ్గాయి. 2023లో ఫలితం వచ్చింది. వాళ్లలో ఎక్కువమందికి కొలెస్ట్రాల్ అంతగా లేదు. మీ వయసు 47, బీడీ ఉంది, కౌంట్ తక్కువ. బీపీ, షుగర్, లిపిడ్ పరీక్షలు చేయించుకుని స్టాటిన్ అవసరమా అని డాక్టరును అడగండి. మందుల షాపులో నేరుగా కొనుక్కోవద్దు.

టీబీ సంగతి మీ చికిత్స పుస్తకంలో చూడండి. 2018 చికిత్స పూర్తయ్యాక టీబీ నివారణ కోర్సు, అంటే ఐసోనియాజిడ్ 300 మి.గ్రా. రోజూ ఆరు నెలలు, బీ6 మాత్రతో, తీసుకున్నట్టు రాసి ఉందా? లేకపోతే అడగండి. రిఫాంపిసిన్‌తో మళ్లీ టీబీ చికిత్స మొదలుపెట్టాల్సి వస్తే డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. రోజుకి రెండుసార్లు వేసుకోవాలి, ఎందుకంటే రిఫాంపిసిన్ దాన్ని త్వరగా కరిగించేస్తుంది. ఆ సాయంత్రపు విడి మాత్ర ఇచ్చారో లేదో అప్పుడు మీరే గమనించుకోవాలి.

టీకాల్లో హెపటైటిస్ బీ టీకాకి ముందు, ఆ జబ్బు ఉందో లేదో తేల్చే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించుకుని, నెగెటివ్ అయితే వేయించుకోండి. పాజిటివ్ అయితే టీఎల్‌డీని ఏ కారణంతోనూ ఆపకూడదు. అందులోని టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్ బీని కూడా పట్టి ఉంచుతాయి, ఆపితే కాలేయం మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఏటా ఫ్లూ టీకా, న్యుమోకోకల్ టీకా మంచివి. కౌంట్ 200 లోపుకి దిగితే ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, ఎల్లో ఫీవర్ లాంటి బతికున్న వైరస్ టీకాలు వేయించుకోకూడదు.

దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ వారమే వెళ్లండి, మందుల తేదీ దాకా ఆగొద్దు. నాలుగడుగులు వేస్తే ఆయాసంతో పొడిదగ్గు, రోజుల తరబడి తగ్గని తలనొప్పితో వాంతులు, మింగితే నొప్పి, నోట్లో తెల్లని పూత కనబడితే అదే రోజు వెళ్లండి.

ఈసారి సీడీ4 పరీక్షకి రక్తం ఇచ్చే రోజు జలుబు, జ్వరం ఉంటే తగ్గిన రెండు వారాల తర్వాత ఇస్తానని చెప్పండి. ఎప్పుడూ ఒకే సెంటర్‌లో, ఒకే వేళకి ఇవ్వండి. మీ పుస్తకంలో కౌంట్ పక్కన ఆ వేళ, ఆ వారం ఒంట్లో ఎలా ఉందో, ఇస్తే సీడీ4 శాతం రాసుకోండి. వరసగా రెండు పరీక్షల్లో కౌంట్ సగానికి పడిపోయి కనబడితే, లేదా వైరల్ లోడ్‌లో ఎంత చిన్న అంకె కనబడినా, ఆ పుస్తకం తీసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి. దారి తెలియకపోతే 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.